పదిహేడో నెంబరు గులాబి

గులాబికి పడిన నెంబరు పదిహేడు.

పాత డబ్బా రేకుల్ని చదరంగా కత్తిరించి, మేకుతో చిల్లు పొడిచి, నల్ల పెయింటుతో అంకెలు వేసి, ఒక్కో మొక్క మొదట్లో తీగతో బిగించాడు ఇంటి యజమాని. మందారాలు ఒకటి నుంచి ఆరు. మల్లె పొదలు ఏడు నుంచి పన్నెండు. మొత్తం నలభై మూడు. ఫ్యాక్టరీ స్టోర్లో ముప్పై ఏళ్ళు నట్లూ బోల్టులూ లెక్కపెట్టి రిటైరైన మనిషి ఆయన. వీధిలో ఆయన్ని ఎవరూ పేరుతో పిలవరు, స్టోరాయన అంటారు. కింది వాటాలో అద్దెకున్న నర్సుకి ఇల్లు ఖాళీ చెయ్యమని నెల గడువిచ్చిన మర్నాడే ఈ రేకులు కట్టాడు. కట్టి, నోట్‌బుక్కులో రాసుకుని, ఆమెను పిలిచి మరీ చెప్పాడు.

"ఇక నుంచి వీటి మీద చెయ్యి వెయ్యకమ్మా. నేలలో ఉన్నవన్నీ ఇంటితో పాటే."

"మరి కుండీల్లోవో, బాబాయిగారూ?"

"కుండీలు నీవే, తీసుకెళ్ళు. మట్టి మాత్రం నా పెరట్లోది."

ఆ మాట విని నర్సు భర్త పడీపడీ నవ్వాడు. "అయితే మొక్కల్ని గాల్లో పట్టుకుని పోదామా?" అన్నాడు. ఆమెకు నవ్వు రాలేదు. ఖాళీ చేయించడానికి కారణం ఆమెకు తెలుసు. వీధిన పోయే ఎవరో ఆఫీసరు కారాపి, తోట ఉన్న ఇల్లు కావాలని అడిగాడు. తోట పెంచినందుకు ఆమెకు దక్కిన ఫలం అది.

గురువారం పొద్దున డ్యూటీకి బయల్దేరుతూ మెట్ల దగ్గర ఆగింది. ఆదివారం ఖాళీ చెయ్యాలి. ఆగకూడదనే అనుకుంటుంది రోజూ, కాళ్ళు వింటే కదా. మందారం చిగుళ్ళ నిండా పేనుబంక పట్టి ఆకులు ముడుచుకుపోయాయి. సబ్బునీళ్ళు రెండుసార్లు కొడితే పోయేది. వాడిన పూలు తుంచేవాళ్ళు లేక బంతి గింజకట్టి, పూత మానేసింది. మల్లెల మొదట్లో మట్టి కొట్టుకుపోయి వేళ్ళు బయటపడ్డాయి. స్టోరాయన మిట్టమధ్యాహ్నం పైపు పట్టుకుని, మంటలార్పే మనిషిలా నీళ్ళు కొడతాడు మరి. ఆరేళ్ళ కిందట ఈ జాగాలో ఇటుక ముక్కలూ, సున్నపు పెళ్ళలూ, వంకర పోయిన ఇనుప చువ్వలూ తప్ప గడ్డిపరక లేదు. వాటన్నిటినీ ఏరింది ఆమె. ఆ సంగతి నోట్‌బుక్కులో ఏ పేజీలోనూ లేదు.

గులాబిని చూసేసరికి ఒళ్ళు మండింది.

అది నిజానికి ఒక మొక్క కాదు, రెండు. కింద అడవి గులాబి మొదలు, దాని మీద అతికించిన అసలు గులాబి. హాస్పిటల్ వెనక పాత క్వార్టర్లు పడగొట్టిన రోజున, బుల్డోజరు కిందికి పోబోతున్న పొదలోంచి కొమ్మ కోసుకొచ్చి, దాని కళ్ళు, అంటే ఆకుకాడ మొదట్లో ఉండే చిగురు మొటిమలు, రెండు అతికించి, తన చేత్తో కట్టిన అంటు. పువ్వు ఇటుక రంగు, పూరేకు తిప్పి చూస్తే వెనక పసుపు. ఆ పొద ఆ రోజే పోయింది. ఆ రంగు ఏ నర్సరీలోనూ ఆమెకు మళ్ళీ దొరకలేదు. ఉత్త కొమ్మ గుచ్చితే దానికి వేళ్ళు రావు, నెల తిరిగేసరికి నల్లబడి కుళ్ళిపోతుంది. మూడుసార్లు చూసుకుంది. అడవి మొదలు మీద నిలబెడితేనే బతుకుతుంది.

ఎక్కడ అతికిందో గుర్తుండాలని, ఆ కళ్ళలోంచి వచ్చిన రెండు కొమ్మల మొదట్లోనూ ఏటా వదులుగా ఒక చుట్టు నల్ల టేపు చుట్టేది. భర్తది కరెంటు పని, ఇంట్లో టేపుకి కరువు లేదు. టేపుకి పైన వచ్చేదంతా గులాబి. కింద మొలిచేదంతా అడవి. అది పూస్తే వేలిగోరంత తెల్లపూలు పూస్తుంది, లేకపోతే అదీ లేదు. పై కొమ్మల తిండి లాక్కుని ఏపుగా పెరగడం ఒక్కటే దానికి తెలుసు. వాటిని పుట్టినవి పుట్టినట్టు పీకెయ్యాలి. ఒకసారి పై వాటా పిన్నిగారు, అంటే స్టోరాయన భార్య, బట్టలు ఆరెయ్యడానికి దిగి వచ్చి, "ఏది ఏదో నీకెలా తెలుస్తుందే?" అని అడిగితే ఆకులు లెక్కపెట్టి చూపించింది కూడా. గులాబి రెమ్మకు ఐదాకులు, అడవిదానికి ఏడు. అన్ని గులాబులకూ ఈ లెక్క కుదరదు గానీ ఈ మొక్కకు కుదురుతుంది.

నెల్లాళ్ళుగా పీకేవాళ్ళు లేరు. టేపు కింది నుంచి మూడు కొమ్మలు లేచి, లేత పచ్చగా నిగనిగలాడుతూ ఆమె నడుం దాకా వచ్చాయి. అసలు కొమ్మలు రెండూ ఆకులు రాల్చి, చివర ఒక్కో మొగ్గతో చిక్కి నిలబడ్డాయి.

స్టోరాయన నోట్‌బుక్కు పట్టుకుని హాజరు తీసుకుంటున్నాడు. రోజూ పొద్దున్నే అదే పని. రేకు వంచి అంకె చూడడం, టిక్కు పెట్టడం.

"బాబాయిగారూ, ఒక్క ఐదు నిమిషాలు నన్ను ఆ గులాబి దగ్గర కూర్చోనివ్వండి. కత్తిరించాల్సినవి ఉన్నాయి."

ఆయన తలెత్తలేదు. "కత్తెర పట్టుకుని తోటలోకి వస్తావా? ఎందుకో నాకు తెలీదా?"

"కొమ్మలు పట్టుకుపోడానికి కాదండీ. అలా వదిలేస్తే మొక్క చెడిపోతుంది."

"చెడితే నా మొక్క చెడుతుంది, నీకెందుకమ్మా బాధ? కత్తిరించాల్సినవి ఉంటే నేనే కత్తిరిస్తా. ముప్పై ఏళ్ళు ఏడు వేల రకాల సామాను చూశాను. ఒక్క గులాబిని చూడలేనా?"

"సామాను పెరగదు కదండీ."

అప్పుడు తలెత్తాడు. "ఆదివారం బండెక్కే ముందు ప్రతి మూటా విప్పించి చూస్తాను. ముందే చెప్తున్నా, తర్వాత మొహమాటాలొద్దు."

మేడ మీద పిట్టగోడ పట్టుకుని పిన్నిగారు నిలబడి ఉంది. అంతా విన్నది. ఎప్పట్లాగే ఏమీ అనలేదు. ఆయన మీద ఎంత మండిందో ఆ నోరులేని మనిషి మీదా అంత మండింది నర్సుకి.

హాస్పిటల్లో ఆమె పని గాయాలకు కట్లు మార్చడం. పాత గుడ్డను సెలైన్‌తో తడిపి, నానాక అంచు నుంచి మెల్లగా ఎత్తి, చీము తుడిచి, మందు పరిచి, కొత్త కట్టు చుట్టాలి. తొందరపడితే కొత్తగా వచ్చిన చర్మం పాత గుడ్డతో పాటే ఊడొస్తుంది. ఇరవై ఏళ్ళలో ఆమె చేతికి తొందరన్నది తెలీదు. ఆ రోజు మూడో వరసలో వెల్డింగ్ పని చేసే ఒకతను కూర్చున్నాడు. మోచేతి కింద కాలింది. ఆమె కట్టు చుడుతుంటే కాసేపు ఓర్చుకుని చూశాడు.

"సిస్టర్, నా మీద ఏమన్నా కోపమా?"

"నీ మీదెందుకయ్యా?"

"మరి వేళ్ళు నీలంగా అయిపోతున్నాయి."

చూసుకుంది. నిజమే. గబగబా విప్పి, మళ్ళీ వదులుగా చుట్టింది. "ఎవరి మీదో నాకు పడింది," అన్నాడతను, ఏదో పెద్ద సాయం చేసినట్టు నవ్వుతూ. ఆమెకు సిగ్గేసింది. ఆ సిగ్గు కూడా పోయి స్టోరాయన ఖాతాలోనే పడింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి భర్త గిన్నెలన్నీ కాగితాల్లో చుట్టి డబ్బాలకెత్తుతున్నాడు. కొత్త ఇల్లు మూడో అంతస్తు. బాల్కనీలో ఆరు కుండీలు పడతాయి, ఒక మనిషి నిలబడొచ్చు. మనిషి నిలబడితే కుండీలు ఐదే.

"ఒక పని చెయ్యి," అన్నాడతను గొంతు తగ్గించి. "ఆయన మధ్యాహ్నం భోంచేశాక గురకపెట్టి నిద్రపోతాడు. రెండు కొమ్మలు కోసి నా వైర్ల సంచిలో పడెయ్. ఆ చిక్కులో ఆయన తాత వచ్చినా వెతకలేడు."

"నా మొక్కని నేను దొంగతనం చెయ్యాలా?"

"దొంగతనమెందుకవుతుందోయ్ నర్సమ్మా, నీదేగా!"

"నాదైతే పట్టపగలు, ఆయన చూస్తుండగా తీసుకెళ్తా. దొంగచాటుగా తీసుకెళ్తే ఆయన కట్టిన రేకు నిజమైపోతుంది."

అతను గిన్నె పక్కన పెట్టి భార్య ముఖంలోకి చూశాడు. "పోనీలే. మొక్కలే కదా, మళ్ళీ పెంచుకుందాం."

ఓదార్చడానికే అన్నాడు. కానీ ఆ 'మొక్కలే కదా' ఆమెకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. పొద్దున్నే లేచి, పళ్ళు కూడా తోముకోకుండా, రాత్రికి రాత్రి మొగ్గ ఎంత విచ్చిందో చూడ్డానికి వంగినప్పటి సంబరం ఇతనికేం తెలుసు? ఆకు అడుగున నత్తను పట్టుకుని గోడవతల గిరాటెయ్యడంలో సుఖం ఏం తెలుసు? డ్యూటీలో మనుషుల బాధ చూసి చూసి వచ్చి, తడిమట్టిలో మణికట్ల దాకా చేతులు దింపితే, వేళ్ళలోంచి ఆ రోజంతా దిగిపోయేది. ఆ మట్టి ఇప్పుడు ఆయన పెరట్లోది. ఆమె వంటింట్లోకి పోయి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

శుక్రవారం నుంచి ఆమెకు సెలవు. పదకొండింటికి ఆఫీసరు భార్యతో సహా వచ్చాడు. స్టోరాయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఎప్పుడూ లేనిది నవ్వు ముఖం పెట్టుకుని తోటంతా తిప్పాడు. వంటింటి కిటికీ వెనక నిలబడి నర్సు అంతా విన్నది.

"రిటైరయ్యాక నాకు ఇదే లోకమండీ," అంటున్నాడు. "ఒక్కో మొక్కా బిడ్డలా పెంచాను."

ఈ రేకులు కట్టేదాకా ఈ మనిషి ఆరేళ్ళలో ఒక్క మగ్గు నీళ్ళు పోసి ఉంటే ఒట్టు. ఎరువుకని ఆమె టీ పిప్పీ, గుడ్డు పెంకులూ దాచుకుంటే, కంపు కొడుతోందని పై నుంచి అరిచింది ఈయనే.

ఆఫీసరు భార్య గులాబి ముందు ఆగిపోయింది. రెండు మొగ్గల్లో ఒకటి ఆ పొద్దున్నే విచ్చింది. ఆవిడ వేలితో పూరేకు తిప్పి చూసింది. "అబ్బ, వెనక పసుపు! ఎక్కడ దొరికిందండీ?"

"నర్సరీలో," అన్నాడు స్టోరాయన తడుముకోకుండా. "చెప్పి తెప్పించా."

"మరి ఇదేంటి, మొదట్లో టేపు వేశారు? విరిగిందా?"

ఆయన ముఖం చూడాలి అప్పుడు. వంగి చూశాడు, కళ్ళజోడు పైకి తోసి మళ్ళీ చూశాడు. నెల్లాళ్ళుగా హాజరు వేస్తున్న సరుకు మీద మరమ్మతు గుర్తు ఇప్పుడు కనబడింది ఆయనకి. మెడ ఎర్రబడింది. "కింద ఉన్నవాళ్ళు విరగ్గొట్టి దాచినట్టున్నారు. ఏం పర్లేదండీ, రేపే తీసేస్తా. ఇవి చూడండి, కొత్త కొమ్మలు ఎంత బలంగా వస్తున్నాయో!" అని అడవి కొమ్మల్ని ముద్దుగా నిమిరాడు.

ఆ 'తీసేస్తా' కిటికీ వెనక నర్సు చెవిన పడింది. పరిగెత్తుకెళ్ళి చెప్పాలనుకుంది. ఏమని చెప్పాలి? ఆ బిడ్డల్ని పెంచింది నేనండీ అనా? ఆఫీసరు కారెక్కేదాకా అక్కడే నిలబడింది. మేడ మెట్ల మీద పిన్నిగారు మంచినీళ్ళ గ్లాసుల పళ్ళెం పట్టుకుని, భర్త మాటలన్నీ విని, ఈ కిటికీ వంక ఒకసారి చూసి తలదించుకుంది. తలదించుకోవడం తప్ప ఈవిడకి ఇంకేమీ రాదా అని నర్సు పళ్ళు కొరికింది.

శనివారం పొద్దున తొమ్మిదింటికి కత్తెర చప్పుడైంది.

నర్సు పరుపుకి తాడు కడుతోంది. ఆ చప్పుడు ఆమెకు బాగా తెలుసు. నూనె వెయ్యని కత్తెర, పచ్చి కొమ్మ మీద జారి గాలిలో కొరికినప్పుడు వచ్చే చప్పుడు. తాడు వదిలేసి వాకిట్లోకి వచ్చింది. స్టోరాయన చిన్న పీట వేసుకుని గులాబి ముందు కూర్చున్నాడు. పక్కన నోట్‌బుక్కు, దాని మీద పెన్ను. పిన్నిగారు వెనక చీపురు పట్టుకుని నిలబడి ఉంది. ఆయన ఎడమ చేత్తో టేపు చుట్టిన మొదటి కొమ్మను వంచి, టేపుకి బెత్తెడు కింద కత్తెర పెట్టాడు.

"అది కాదు!" అని అరిచింది నర్సు. "బాబాయిగారూ, ఆ కొమ్మ కాదండీ! అదే అసలు గులాబి. తీసెయ్యాల్సింది ఆ పొడుగువి మూడూనూ!"

కత్తెర ఆగింది. ఒక్క క్షణం, నిజంగా ఒకే క్షణం, ఆయన కళ్ళలో అనుమానం కనబడింది. తర్వాత అది ఎటు తిరగాలో అటే తిరిగింది.

"ఎంత తెలివమ్మా నీది," అన్నాడు. "బలమైనవి మూడూ నా చేత కోయించి, విరిగిపోయి టేపుతో నిలబడ్డదాన్ని నాకు అంటగట్టి పోదామనా? పరాయివాళ్ళ ముందు నిన్న నా తల తీసినంత పని చేశావు. చాలు."

"విరగలేదండీ, అది అంటు! నా మాట వినండి. ఒక్కసారి ఆకులు చూడండి..."

"నీ మాట వినడానికి నువ్వు ఎవరు? రేపు దాటితే నువ్వు ఈ వీధిలోనే ఉండవు."

కత్తెర మూసుకుంది. కొమ్మ తెగి, విచ్చిన పువ్వుతో సహా ఆయన చెప్పుల మీద పడింది. దాన్ని కాలితో పక్కకు నెట్టి రెండో కొమ్మ పట్టుకున్నాడు.

నర్సు నోరు తెరిచింది. ఇంకోసారి అరవొచ్చు. వెళ్ళి చెయ్యి పట్టుకోవచ్చు. మొక్క బతకాలంటే చెయ్యాల్సింది అదే. ఇంకొక్క కొమ్మ మిగిలినా మొక్క మొక్కే, ఎవరి పెరట్లో పూస్తేనేం, పూస్తుంది. అదంతా ఆమెకు తెలుసు. తెలిసీ నోరు మూసుకుంది. 'నువ్వు ఎవరు' అన్న మాట ముల్లులా దిగి ఉంది, దాన్ని దాటుకుని మరో మాట బయటికి రానంది. కొయ్యి, అనుకుంది మనసులో. కోసుకో. నీ చేత్తో నువ్వే కోసుకో.

రెండో కొమ్మా తెగింది. స్టోరాయన లేచి, నడుం నిమురుకుని, మిగిలిన మూడు అడవి కొమ్మల్ని తృప్తిగా చూశాడు. మొదట్లో వేలాడుతున్న రేకును సరిచేశాడు. పదిహేడు. "చెత్త ఊడ్చెయ్," అని భార్యకు చెప్పి మేడెక్కాడు.

నర్సు లోపలికి వచ్చి, తాడు మళ్ళీ చేతిలోకి తీసుకుని, ముడి తప్పి, విప్పి మళ్ళీ వేసింది. ఆయన మీద కోపం ఎంత ఉందో అంతా ఉంది, రవ్వంత తగ్గలేదు. దాని పక్కనే ఇంకో కోపం వచ్చి కూర్చుంది. మొదటిసారి అరిచింది మొక్క కోసం. రెండోసారి ఊరుకున్నది తన కోసం. ఆయన కత్తెరకు ఆమె మౌనం సాయం పట్టింది.

భర్త వచ్చి విషయం విని, తల పట్టుకుని, ఈసారి 'మొక్కలే కదా' అనలేదు. "ఆ కోసినవి ఎక్కడున్నాయి?" అన్నాడు.

అప్పుడు వెలిగింది ఆమెకు. కోసిన కొమ్మల్లో కళ్ళు ఉంటాయి. తడిలో ఉంచితే రెండు మూడు రోజులు చావవు. గబగబా వాకిట్లోకి వచ్చింది. గులాబి ముందు నేల శుభ్రంగా ఊడ్చి ఉంది. గేటు పక్క చెత్త డబ్బా మూత తీసింది. ఉల్లిపొట్టు, పాత పేపరు, బంతి రెమ్మలు. కొమ్మలు లేవు. డబ్బా వంచి కాలితో కెలికింది. లేవు. చెత్త బండి ఇంకా రాలేదు. అంటే ఆ మహాతల్లి కాల్చేసిందో, కాలవలో పడేసిందో! మొగుడు ఊడ్చమంటే చాలు, పరమ శ్రద్ధగా ఊడ్చేస్తుంది! తిట్టుకుంటూ ఇంటి వెనక్కి తిరిగింది.

వెనక కుళాయి దగ్గర, బట్టలుతికే రాయి నీడలో పాత బకెట్టు ఉంది. దాని మీద తడి గోనెపట్టా కప్పి ఉంది. పట్టా ఎత్తింది. గులాబి కొమ్మలు రెండూ మొదళ్ళు నీళ్ళలో ముంచి నిలబెట్టి ఉన్నాయి. ఆకులు తుంచేశారు, కాడలు మాత్రం అంగుళం చొప్పున వదిలారు. కన్ను దెబ్బతినకుండా అలాగే వదలాలి. చేతకానివాళ్ళు చేసే పని కాదది. ఎప్పుడో ఆమె చేస్తుండగా పక్కన నిలబడి చూసినవాళ్ళు చేసిన పని. నర్సు ఆ బకెట్టు ముందు గొంతుక్కూర్చుని మేడ వంక చూసింది. తర్వాత పట్టా యథాప్రకారం కప్పింది.

ఆదివారం పదింటికి బండి వచ్చింది. స్టోరాయన గేటు దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మూటలు విప్పించాడు. బట్టల మధ్య చెయ్యి పెట్టి చూశాడు. ఖాళీ కుండీలు బోర్లించి చూశాడు. వైర్ల సంచి దగ్గర మాత్రం విసిగిపోయి సగంలో ఆపేశాడు. నర్సు భర్త భార్య వంక 'చెప్పానా' అన్నట్టు చూశాడు. ఎదురింటివాళ్ళు, పక్కింటివాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి వినోదం చూస్తున్నారు. ఒకరిద్దరికి బాధగా కూడా ఉంది, కానీ మాట్లాడలేదు.

అన్నీ ఎక్కాక నర్సు ఇంటి వెనక్కి వెళ్ళి, బకెట్టు పట్టుకుని నేరుగా ఆయన ముందుకు వచ్చింది. పట్టా తీసి చూపించింది.

"బాబాయిగారూ, మీరు నిన్న కోసి పారేసినవి. వీటిని తీసుకెళ్ళనా?"

వీధంతా వినేలా అడిగింది. స్టోరాయన వంగి చూశాడు. ఆకుల్లేని ముళ్ళ పుల్లలు రెండు. ఆయనకు నవ్వొచ్చింది.

"చెత్తకి నెంబరు లేదమ్మా. భేషుగ్గా తీసుకెళ్ళు."

"మీరే చెప్తున్నారు కదా? అందరి ముందూ?"

"చెప్తున్నా. అందరి ముందూ."

చుట్టూ ఉన్న ముఖాలు చూశాక ఆయనకు ఇంకేదో తోచింది. నెల్లాళ్ళుగా వీధిలో తన గురించి ఏమనుకుంటున్నారో ఆయనకు తెలియక కాదు. కుర్చీలోంచి లేచాడు. "పాపం, ఆరేళ్ళున్నావు. ఎండుపుల్లలు పట్టుకుపోతే చూసేవాళ్ళు నన్నేమంటారు? నేనేం రాక్షసుణ్ణి కాదు. ఉండు, ఒక మంచి కొమ్మ ఇస్తా," అంటూ కత్తెర తెచ్చి, గులాబి దగ్గరికి పోయి, మూడు అడవి కొమ్మల్లో లావుపాటిది ఏరి కోశాడు. నిగనిగలాడుతున్న ఆ కొమ్మను పదిమందీ చూసేలా ఎత్తి పట్టుకుని ఆమె చేతిలో పెట్టాడు. "పెట్టుకో. నీ హస్తవాసి మంచిదేగా."

నర్సు ఆ కొమ్మను తిప్పి చూసింది. బకెట్టులో కళ్ళున్నాయి. వాటిని అతికించడానికి అడవి మొదలు ఎక్కడ దొరుకుతుందా అని రాత్రంతా కొట్టుకుంది ఆమె మనసు. నర్సరీవాళ్ళు విడిగా అమ్మరు, అడవికి పోయి వెతికే తీరిక తనకు లేదు. వెతకబోయే కొమ్మ ఇప్పుడు చేతిలో ఉంది, పెన్సిలు కంటే లావుగా, రసం కారుతూ. ముక్కలు చేస్తే నాలుగు అంట్లు. కన్ను అతికించి ఇసుకలో గుచ్చితే కింద వేళ్ళు, పైన చిగురు. మొదటిసారి కట్టినప్పుడూ అలాగే కట్టింది.

చెప్పెయ్యాలి. ఇది గులాబి కాదు బాబాయిగారూ, మీ తోటలో ఇక గులాబి లేదు అని వీధంతా వినేలా చెప్పెయ్యాలి. నాలుక చివరి దాకా వచ్చింది. చెబితే ఏమంటాడో ఆమెకు అక్షరం పొల్లుపోకుండా తెలుసు.

"చాలా సంతోషం బాబాయిగారూ," అంది.

"వచ్చే ఏడు వచ్చి చూడు ఈ తోట ఎలా ఉంటుందో."

"తప్పకుండా వస్తాను. చూడాలనే ఉంది నాకు కూడా."

స్టోరాయన చివరి హాజరు వెయ్యడానికి నోట్‌బుక్కు తీసుకుని తోటలోకి వెళ్ళాడు. నర్సు బండి దగ్గరికి నడిచింది. వెనకే పిన్నిగారు వచ్చింది, చేతిలో తడి తువ్వాలు. బకెట్టులోంచి పుల్లలు రెండూ తీసి, పసిబిడ్డ కాళ్ళు చుట్టినట్టు తువ్వాల్లో చుట్టింది. తర్వాత నర్సు చేతిలోని కొమ్మ మీద ఒక రెమ్మ పట్టుకుని, వేలు జరుపుతూ పెదవులు కదిపింది.

"ఏడు," అంది.

నర్సు ఆవిడ ముఖంలోకి చూసింది. నిన్న చీపురు పట్టుకుని వెనక నిలబడ్డప్పుడు కూడా ఈ ముఖం ఇలాగే ఉంది.

"మీకు తెలుసు," అంది నర్సు మెల్లగా. "ఆయన కోస్తున్నప్పుడే తెలుసు. మరి చెప్పలేదేం పిన్నిగారూ?"

పిన్నిగారు తువ్వాలు అంచు లోపలికి దోపి, మూటను ఆమె చేతుల్లో పెట్టింది.

"నలభై ఏళ్ళయిందమ్మా పెళ్ళయి. ఏది ఏదో నన్ను ఆయన ఎప్పుడూ అడగలేదు. నిన్నా అడగలేదు."

భర్త బండి ముందు సీట్లోంచి చెయ్యి చాపి భార్యను పైకి లాగాడు. ఆమె మూట ఒళ్ళో పెట్టుకుని, కొమ్మను రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. అతను జేబులోంచి నల్ల టేపు చుట్ట తీసి ఆమె పక్కన పెట్టాడు. బండి కదిలింది.

గేటు లోపల స్టోరాయన రేకు వంచి అంకె చూశాడు. పదిహేడు. టిక్కు పెట్టాడు. నలభై మూడు దాకా చూసుకుని, నోట్‌బుక్కు మూసి, అన్నీ సరిగ్గా ఉన్నాయని భార్యకు కేకేసి చెప్పాడు.